కుడికి తిప్పితే

కుర్చీకి తెల్లగుడ్డ తొడిగి వెనక ఎర్ర రిబ్బనుతో ముడేశారు, ఆ ముడి నడుముకు ఒత్తుకుంటోంది, జరిగి కూర్చుందామంటే కింద మూడు వందల మంది ఆడపిల్లలు తననే చూస్తున్నట్టుంది, అందుకని ఈదమ్మ కదలకుండా, కాళ్లు దగ్గరికి పెట్టుకుని, పగిలిన మడమలను చీర కుచ్చెళ్ల కింద దాచుకుని కూర్చుంది. వేదిక ఎక్కగానే ఎవరో శాలువా కప్పారు. మార్చి నెల పదకొండు గంటల ఎండలో శాలువా. తీసేయొచ్చో లేదో తెలియదు. పక్కన కూర్చున్న ప్రిన్సిపాల్ ఉమారాణి మేడం తనకు కప్పింది అప్పుడే మడిచి ఒళ్లో పెట్టుకుంది, మేడంకు తెలుస్తాయి ఇవన్నీ, ఈదమ్మకు మాత్రం అది మెడకు అతుక్కుని చెమట కారుస్తోంది. వేదిక ఆ చివర స్టాండు మీద జయశ్రీ ఫొటో, దండ వేసి ఉంది. తెల్లచొక్కా, భుజాల మీద నల్లపట్టీలు, ఎండకు కళ్లు చిన్నవి చేసుకుని నవ్వుతోంది. ఆ ఫొటో ఈదమ్మ ఇచ్చింది కాదు. ఇంట్లో ఉన్నవన్నీ పత్తిచేలో, పెళ్లిళ్లలో తీసినవి, అవి బాగుండవన్నారు, విమానాలు నేర్పే అకాడమీ వాళ్లే దీన్ని పంపారు. బిడ్డ మంచి ఫొటో కూడా వాళ్ల దగ్గరే ఉంది. వెనక గోడకు కట్టిన ఫ్లెక్సీ మీద అక్షరాలను వచ్చేటప్పుడే కూడబలుక్కుని చదివింది, జయశ్రీ స్మారక విమాన ప్రయోగశాల. వనపర్తిలోని ఈ కాలేజీలోనే పిల్ల ఇంటర్ చదివింది, ఇక్కడి నుంచే పైలట్ చదువుకు ఎంపికై పై రాష్ట్రం పోయింది, పద్నాలుగు నెలల కింద ఒక పొద్దున ఒక్కతే విమానం ఎక్కి, నేల వదిలిన అరనిమిషానికి మళ్లీ నేల మీదే పడి చచ్చిపోయింది. ఇప్పుడు అకాడమీ వాళ్లే కాలేజీకి ఒక గది నిండా సామాను ఇచ్చి, దానికి పిల్ల పేరు పెట్టి, తల్లిని పిలిపించి శాలువా కప్పారు. ఆఖర్న నాలుగు మాటలు మాట్లాడాలమ్మా అని మేడం చెప్పింది. నాలుగెందుకు, రెండు చాలు. ఆ రెండూ బస్సులో బీచుపల్లి వంతెన దాటినప్పటి నుంచి నోట్లో తిప్పుకుంటూనే వచ్చింది.

మైకు ముందు కెప్టెన్ రాఘవేందర్ నిలబడ్డాడు. అకాడమీలో అందరికంటే పెద్ద శిక్షకుడు, జయశ్రీకి నేర్పింది ఇతనే, ఫోన్లో పిల్ల సార్ సార్ అన్నదంతా ఇతన్నే. నేనూ ఈ నేల మీద పుట్టినవాణ్ణే, మాది ఉప్పునుంతల అని మొదలుపెట్టాడు, పిల్లలు చప్పట్లు కొట్టారు, కానీ అతని మాటలో ఉప్పునుంతల ఎక్కడా లేదు, ఇస్త్రీ చేసిన మాట, టీవీలో వార్తలు చదివేవాళ్ల మాట. చేతిలో మూరెడు పొడుగు తెల్లటి విమానం బొమ్మ. దాని రెక్కల చివర్లు, తోక పలకలు దారాలు లాగితే కదులుతున్నాయి. గాలిలో విమానం మూడు రకాలుగా కదులుతుంది పిల్లలూ అన్నాడు, ముక్కు పైకి కిందికి, రెక్కలు పక్కలకు ఒరగడం, ముక్కు ఎడమకు కుడికి తిరగడం, ఈ మూడే. ఈ మూడే అమ్మా, అన్నది జయశ్రీ, చేట పట్టుకుని. ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు, పల్లికాయ కుప్ప పక్కన, గాలికి పొట్టు కళ్లలో పడుతుంటే, చెరుగుతున్న చేటను తల్లి చేతిలోంచి లాక్కుని రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, గిట్ల లేస్తే ఒకటి, గిట్ల ఒరిగితే ఒకటి, గిట్ల మళ్లితే ఒకటి, ఇంతే, అరక దున్నుడు కంటె అల్కగ ఉంటది. పైలట్ చేతిల కర్ర ఉంటది, అది గుంజితే తోక మీది పలక లేస్తది, గాలి తోకను కిందికి నూకుతది, ముక్కు పైకి లేస్తది. కర్ర కుడికి వంచితే కుడిరెక్క మీది పలక లేస్తది, ఎడమది దిగుతది, అప్పుడు కుడిరెక్క కిందికి పోయి ఎడమరెక్క పైకి వస్తది. పలక లేస్తే రెక్క దిగుడేంది, ఉల్టా ఉన్నదే అంటే, ఉల్టా కాదమ్మా, గాలి పని అట్లుంటది, లేసిన పలకను గాలి కిందికి నూకుతది అని నవ్వింది. ఆ పలకలకు పేరు కూడా చెప్పింది, ఐలెరాన్. అప్పుడు చెవిన పడి పోయింది ఆ మాట. ఇప్పుడు ఇంటిపేరు లాగా నోటికొచ్చు. చేటలో కాయలు కింద పోశావని పిల్లను తిట్టింది ఆ రోజు. తిట్టినందుకు కాదు ఇప్పటి బాధ, ఇంకోసారి చెప్పు అని అడగనందుకు.

మూడో వరసలో తల్లిదండ్రుల మధ్య ఖాజా మియా తెల్లటోపీ కనిపిస్తోంది. ఒళ్లో గుడ్డసంచి, సంచిలో ఆ రిపోర్టు. గద్వాలలో పాత బస్టాండు వెనక బోరు మోటార్లకు వైండింగు చేసే మనిషి, అంతకుముందు ఇరవై ఏండ్లు ఎయిర్‌ఫోర్సులో విమానాల తీగలు బిగించిన మనిషి, ఆ సంగతి ఈదమ్మకు మోటారు కాలిందని పోయినప్పుడు తెలిసింది, గోడ మీద నీలిరంగు యూనిఫారంలో ఫొటో చూసి. విచారణ చేసినవాళ్లు పంపిన రిపోర్టు అరవై ఒక్క పేజీలు, అంతా ఇంగ్లీషు. ఊళ్లో చదివినవాళ్లకు చూపిస్తే మొదటి పేజీ చదివి, పాపం ఈదమ్మా, పైలట్ తప్పు అని రాసిండ్రు అని తిరిగిచ్చారు. ధరూర్ నుంచి ఆటోలో ఇద్దరు ఆడోళ్లు ఈదమ్మ వెనకే కూర్చుని, ఆడపిల్లకు ఇమానం ఎందుకు, తోలరాక పడగొట్టుకున్నది అని మాట్లాడుకున్నారు, వినబడకూడదని కూడా అనుకోలేదు వాళ్లు. ఖాజా మియా మాత్రం నాలుగు ఆదివారాలు దుకాణం మూసి, ఒక్కో పేజీ చదివి, వేలితో గీత కింద గీత చూపించి చెప్పాడు. నలభై మూడో పేజీ అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో ఉన్న రెండు వరసల దగ్గర ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ముందురోజు ఆ విమానానికి ఐలెరాన్ తీగలు మార్చిండ్రు చెల్లె, అన్నాడు. బిగించినోని సంతకం ఒకటి, సరిగ్గున్నదని చూసినోని సంతకం ఒకటి, రెండున్నయని రాసిండ్రు, పేర్లు రాయలే. పడ్డప్పుడు తీగలు తెగినయి గనక ముందుగాల ఎట్లుండెనో చెప్పలేమని రాసిండ్రు. ఇంకో పేజీ తిప్పాడు. విమానం ఎడమకు ఒరిగి పడ్డది. కర్ర మాత్రం పూరాగ కుడికి వంచి ఉన్నది.

బల్ల మీద రాగితీగ చుట్టలు, వార్నిష్ వాసన, రోడ్డు మీద పల్లికాయ లారీలు. ఈదమ్మే అడిగింది, ఎడమకు ఒరిగితే కుడికి వంచాలె గద అన్నా, పిల్ల నాకు చెప్పింది. అవును అన్నాడు. మరి వంచింది గద. వంచింది. మరెందుకు లేవలే? అప్పుడు ఖాజా మియా రెండు తీగ ముక్కలు తీసుకుని బల్ల మీద అడ్డంగా, ఒకదాని మీంచి ఒకటి పెట్టాడు. ఎడమది కుడికి పోయి, కుడిది ఎడమకు పోయి, గిట్ల బిగించుంటరు, నేను ఒట్టేసి చెప్పలేను, నేను చూడలే, గని ఇంకో తీరుగ కానే కాదు. పిల్ల కుడికి వంచితే అది ఇంకింత ఎడమకు ఒరిగింది. ఒరిగిందని ఇంకింత కుడికి వంచింది. అతను తీగ ముక్కలు తీసి పక్కన పెట్టాడు. మిగిలింది ఈదమ్మకే అర్థమైంది, పిల్ల తప్పు చెయ్యలేదు, సరైందే చేసింది, నేర్పిందే చేసింది, ఎంత సరిగ్గా చేస్తే అంత తొందరగా చచ్చింది.

ఎవరో మంచినీళ్ల సీసా తెచ్చి ముందు పెట్టారు. మూత తిప్పబోతే చెయ్యి చెమటకు జారింది. రాఘవేందర్ ఇప్పుడు ఒక గాజు గిన్నె పైకెత్తి అందులో గోళీ వేశాడు, గోళీ అటూ ఇటూ దొర్లి గిన్నె అడుగున నిలబడింది, పిల్లలంతా మెడలు చాచారు. మంచి విమానం ఇట్లా ఉంటుంది, దీన్నే స్థిరత్వం అంటారు, గాలి వచ్చి కదిలించినా తన చోటికి తనే వస్తుంది, రెక్కలు కొంచెం పైకి వంచి కట్టేది అందుకే, ఒక రెక్క కిందికి జారితే దానికే ఎక్కువ గాలి తగిలి పైకి లేస్తుంది, తోక ఉన్నది అందుకే, బాణం వెనక ఈకలున్నట్టు ముక్కును నిలబెడుతుంది, మీరు కంగారుపడి ఏమీ చెయ్యకపోతే చాలు, విమానం మిమ్మల్ని క్షమిస్తుంది అన్నాడు. క్షమిస్తుంది అనే మాట దగ్గర గొంతు తగ్గించాడు, పిల్లలకు బాగుండాలని. ఈదమ్మ గోళీ వైపు చూసింది. ఖాజా మియాను ఆ రోజు అడిగిన ఇంకో మాట గుర్తొచ్చింది, అడగకుండా ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకుందో. పిల్ల చెయ్యి వదిలిపెట్టి ఉంటే? ఖాజా మియా తల పక్కకు తిప్పుకున్నాడు. ఎత్తుల ఉంటే ఏమో చెల్లె, అదే సర్దుకునేదేమో, కాళ్ల కింద రడ్డర్ తొక్కి ముక్కు మళ్లిస్తే రెక్క లేసేదేమో, గవన్నీ ఇప్పుడు కూసొని చెప్పొచ్చు, రెండు వందల అడుగులల్ల నేల మీదికి వస్తుంటే ఏ మనిషి చెయ్యి వదుల్తడు. వదలదు. జయశ్రీ అసలే వదలదు. నాలుగేండ్లప్పుడు దూడ పలుపు పట్టుకుని, దూడ ఈడ్చుకుపోతున్నా వదలక మోకాళ్లు రెండూ గీరుకుపోయి వచ్చింది, తండ్రి బాలయ్య ఆ మోకాళ్లకు పసుపు అద్దుతూ, ఇది పట్టుకుంటే ఇడ్సదు అని మురిసిపోయాడు. బాలయ్య ఇవాళ రాలేదు. నేను రాను, వాళ్లు కప్పే గుడ్డ నాకొద్దు, నువ్వు పో అని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. పద్నాలుగు నెలలుగా అటే తిరిగి పడుకుంటున్నాడు. నేర్పినవాళ్లు వదలొద్దని నేర్పారు, కన్నవాళ్లు వదలనిదాన్ని కన్నారు, అందరూ కలిసి.

ఇంకొకటుంది, అది ఖాజా మియాకు చెప్పలేదు, బాలయ్యకు చెప్పలేదు, దేవుడి ముందు కూడా నోటితో అనలేదు. ఆ పొద్దున పిల్ల ఫోన్ చేసింది. అమ్మా, ఇయ్యాల ఒక్కదాన్నే పోతున్న, సార్ తొందర చేస్తుండు, మల్ల చేస్త. పెట్టెయ్యబోయింది. ఈదమ్మ పెట్టనివ్వలేదు. బోరు మోటారు మళ్లా కాలిందని చెప్పింది, మీ నాయిన మోకాలు వాచిందని, దవాఖానకు పోతలేడని, నువ్వన్న చెప్పు అని, పక్కింటి జమ్ములమ్మ కోడలు అలిగి మానవపాడు పోయిందని, అవన్నీ అప్పుడే చెప్పాలా, కానీ నాలుగు రోజులైంది గొంతు విని, గొంతును ఇంకొంచెంసేపు పట్టుకోవాలని చెప్పింది. పిల్ల ఊ కొట్టింది. ఊ అమ్మా, ఊ అమ్మా, సరే అమ్మా. వెనక ఎవరో కేకేశారు. ఫోన్లో ఇప్పటికీ ఉంది ఆ అంకె, మూడు నిమిషాల పదకొండు సెకండ్లు, అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ అంకెలొచ్చు ఈదమ్మకు. ఖాజా మియా అబద్ధం చెప్పే మనిషి కాదు, ఆ రెండు సంతకాల సంగతి చెప్పిన రోజే ఇదీ చెప్పాడు, లేపే ముందు పైలట్ కూడ ఒకసారి చూస్తడు చెల్లె, కర్ర అటు ఇటు కదిపి, ఏ రెక్క మీది పలక లేస్తుందో మెడ తిప్పి చూడాలె, కర్ర అడ్డం లేకుంట తిరుగుతుందా అనే కాదు, సరిగ్గ తిరుగుతుందా అని. ఐదు సెకండ్ల పని. పిల్ల చూసిందో లేదో నాకు తెల్వదు, చూసుంటే దిగిపోయి ఉండేది, నీకు నేను ఊరికె చెప్ప. గని మొదటోడు తప్పు చేసిండు, రెండోడు చూడకనే సంతకం పెట్టిండు, మీ పిల్ల మూడోది. మొదటిద్దరి పేర్లు ఏ పేజీల లేవు. మూడోదాని పేరు మొదటి పేజీల ఉన్నది. ఆయన ఆ మాట కోపంతో అన్నాడు, ఈదమ్మ మాత్రం ఐదు సెకండ్ల దగ్గరే ఆగిపోయింది, మూడు నిమిషాల పదకొండు సెకండ్లలో ఐదైదు సెకండ్లు ఎన్ని ఉంటాయో వేళ్ల మీద లెక్కబెట్టడం మొదలుపెట్టి, ముప్పై దాటాక ఆపేసింది. మొదటోడు, రెండోడు, మూడోది, వాళ్లకు ముందు తల్లి ఉందా, తర్వాత ఉందా, ఏ పేజీలో ఉంటుంది తల్లి.

చప్పట్లు. ఎందుకో తెలియక ఈదమ్మ కూడా రెండు చేతులూ కలిపింది, కలిపాక విన్నది. రాఘవేందర్ ఫొటో వైపు చెయ్యి చూపిస్తున్నాడు. జయశ్రీ నా విద్యార్థుల్లో చురుకైనది, భయం తెలియనిది, కానీ పిల్లలూ, విమానం పైలట్‌ను ఎప్పుడూ మోసం చెయ్యదు, మనమే ఒక్కోసారి దాన్ని పట్టించుకోం, ఒక చిన్న పరీక్ష, కొన్ని సెకండ్ల పరీక్ష మరిచిపోతే ఎంత మూల్యం చెల్లించాలో జయశ్రీ మనకు నేర్పి వెళ్లింది, ఆమె నుంచి మీరు ధైర్యాన్ని తీసుకోండి, ఆ పొరపాటు నుంచి పాఠాన్ని తీసుకోండి. ముందు వరసలో ఒక పిల్ల నోట్‌బుక్కులో రాసుకుంటోంది. పాఠం రాసుకుంటోంది. ఈదమ్మ ఒంట్లోకి అప్పుడు వచ్చింది వేడి, శాలువా వేడి కాదు, ఆటోలో వెనక ఆడోళ్లు మాట్లాడినప్పుడు వచ్చింది ఇదే, కానీ వాళ్లకు తెలియదు, తెలియనివాళ్లను ఏమంటాం, ఇతనికి తెలుసు. తెలుసా? తెలియకపోవచ్చు కూడా. ఆ పొద్దున తొందర చేసిన సార్ ఇతనే. తీగలు మార్చినవాణ్ణి పేరు పెట్టి పిలిచే సార్ ఇతనే. మొహంలో ఏదైనా కనబడుతుందేమోనని చూసింది, నున్నగా గీసుకున్న గడ్డం, చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు, మాట పూర్తి చేసి వచ్చి కుర్చీలో కూర్చుంటూ ఈదమ్మకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. బొమ్మ విమానాన్ని మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కూర్చున్నాక అతని బొటనవేలు దాని రెక్క చివరి పలకను పైకీ కిందికీ ఆడిస్తూనే ఉంది.

ఇప్పుడు జయశ్రీ మాతృమూర్తి ఈదమ్మగారు మాట్లాడతారు అని ఉమారాణి మేడం పిలిచింది. లేచేటప్పుడు శాలువా జారి కుర్చీ కాలి దగ్గర పడింది, ఎవరో తీయబోతే ఈదమ్మ వద్దని చెయ్యి ఊపింది. మైకు నోటికి ఎత్తుగా ఉంది, మేడం వంచి ఇచ్చింది. ఖాజా మియా మూడో వరసలోంచి గడ్డం కొంచెం పైకెత్తాడు. పెద్ద మాటలొద్దు చెల్లె, తిట్టకు, ఏడ్వకు, రెండే అడుగు, ఒకటి ఆయన చెప్పగలిగేది, ఇంకోటి చెప్పలేనిది, అని బస్సులో చెప్పాడు. గొంతు వస్తుందో రాదో అనుకుంది, వచ్చింది, మైకులోంచి వేరే ఎవరిదో అన్నట్టు పెద్దగా వచ్చింది.

"నాకు మాట్లాడొస్తలేదు. సార్‌ను ఒక మాట అడుగుత."

రాఘవేందర్ నవ్వుతూ లేచి నిలబడ్డాడు. "అడగండమ్మా."

"కర్ర కుడికి వంచితే ఏ రెక్క మీది పలక లేస్తది సార్?"

అతని మొహం నిజంగానే వెలిగింది. చదువులేని తల్లి నోట ఆ మాట వింటానని అనుకోలేదు. ముందుకు వచ్చి బొమ్మను అందరికీ కనబడేట్టు ఎత్తి, దారం లాగి చూపించాడు. "కుడిది అమ్మా. కుడి రెక్క మీది ఐలెరాన్ లేస్తుంది, ఎడమది దిగుతుంది. చూశారా పిల్లలూ, ఆ తల్లికి ఎంత తెలుసో చూశారా." అన్నాడో లేదో హాలంతా చప్పట్లు, ఒక్కసారిగా, రేకుల మీద వాన పడ్డట్టు, వెనక వరసల పిల్లలు లేచి నిలబడి కొట్టారు, మేడం కళ్లు తుడుచుకుంది. ఈదమ్మ రెండోది కూడా అడిగింది. మైకులోనే అడిగింది, అడిగానని ఆమెకు తెలుసు, పెదవులు కదిలాయి, ఛాతీలోంచి గాలి పోయింది. "మరి మా జయశ్రీ కుడికి వంచినప్పుడు ఏది లేసింది సార్?" చప్పట్ల కింద ఆ మాట పోయింది. ఎవరికీ అందలేదు. రెండడుగుల దూరంలో బొమ్మ పట్టుకుని నిలబడిన మనిషికి మాత్రం అందింది, ఎందుకంటే పైకెత్తిన బొమ్మ మెల్లగా కిందికి దిగింది, నవ్వు మొహం మీదే ఉండిపోయి కళ్లు మాత్రం దాన్ని వదిలిపోయాయి. ఇంకోసారి అడగాలి. అడగడానికి నోరు తెరిచేలోగా మేడం భుజం చుట్టూ చెయ్యి వేసి మైకును తనవైపు తిప్పుకుంది, ఈదమ్మగారి జిజ్ఞాస మనందరికీ స్ఫూర్తి, ఇంతటి దుఃఖంలోనూ నేర్చుకోవాలనే ఆ తపన అంటూ. ఆమె తప్పు కాదు. ఆమె మంచిది. ఈ హాలులో అందరూ మంచివాళ్లే, అందరూ ఆమె కోసమే కొట్టారు చప్పట్లు.

ఫొటో దిగాలన్నారు. జయశ్రీ ఫొటో స్టాండును నడిమధ్యకు జరిపారు, దానికి ఈ పక్క ఈదమ్మ, ఆమెను ఆనుకుని రాఘవేందర్, ఆ పక్క మేడం, లెక్చరర్లు. కెమెరా పట్టుకున్నతను కుర్చీ ఎక్కి, సార్, జర అమ్మ దిక్కు జరగండి, అమ్మా, ఇటు చూడు, నా దిక్కు అంటున్నాడు. ఈదమ్మ అటు చూడలేదు. పక్కనున్న మనిషి చొక్కా గుండీల మీద చూపు పెట్టి, గొంతు పెంచకుండా, పొలం గట్టు మీద పక్కమనిషిని అడిగినట్టు అడిగింది.

"ఏది లేసింది సార్?"

అతను కెమెరా వైపే చూస్తున్నాడు. అత్తరు వాసన, దాని కింద చెమట వాసన. కుర్చీ మీదున్నతను ఒకటి, రెండు అన్నాడు. రాఘవేందర్ పెదవులు సరిగ్గా కదలనైనా లేదు.

"ఎడ్మది అవ్వా."

ఫ్లాష్ వెలిగింది. ఇంకొకటి సార్, అమ్మ కండ్లు మూసింది అన్నాడతను. రాఘవేందర్ అలాగే, ముందుకే చూస్తూ, ఇస్త్రీ పోయిన మాటతో, ఉప్పునుంతల మాటతో చెప్పాడు, నేనే ముందుగాల ఉరికిన, రెక్కలకు ఇంక మంట అంటుకోలే, చూసిన, కర్ర కుడికున్నది, ఎడ్మది లేసున్నది, అప్పటికే తెలిసింది నాకు. బయట అడిగితే నేను అనలేదనే చెప్త. నాకూ పిల్లలున్నరు. రెండో ఫ్లాష్ వెలిగింది. అయిపోయిందని అందరూ కదిలారు, ఎవరో అతని చెయ్యి పట్టుకుని భోజనాల వైపు తీసుకుపోయారు, పోతూ పోతూ రెండు చేతులూ జోడించాడు, దూరం నుంచి చూసినవాళ్లకు అది ఇంకో నమస్కారం.

ఈదమ్మ అక్కడే నిలబడింది. పద్నాలుగు నెలలుగా ఈ ఒక్క మాట వింటే చాలనుకుంది, వింటే కాళ్ల కింద నేల గట్టిపడుతుందని, గుండెలో తిరిగేది ఒకచోట కూర్చుంటుందని. ఏదీ కూర్చోలేదు. మాట మాత్రం వచ్చింది, చెవిలో ఉంది, ఎవరికీ చూపించలేనిది, సంచిలో పెట్టలేనిది, అరవై ఒక్క పేజీల్లో ఎక్కడా అంటించలేనిది. చెప్పినవాడు తేలికపడి భోజనానికి పోయాడు. కొంచెమైనా తేలికపడి ఉంటాడు, ఆ బరువు పద్నాలుగు నెలలు మోసినవాడే గదా అతనూ, దించుకోవడానికి ఈమె కంటే మంచి చోటు దొరుకుతుందా, కోర్టులకు పోలేనిది, మైకులో అడిగినా ఎవరికీ వినబడనిది. ఆ కోపం కూడా పూర్తిగా రావడం లేదు, ఎందుకంటే అతను చెప్పకపోయినా పోయేది. చెప్పాడు. చెప్పి, అనలేదనే చెప్త అన్నాడు. రెండూ ఒకే నోటితో.

మెట్లు దిగుతుంటే ఖాజా మియా ఎదురొచ్చాడు. భోజనాలు చేసి పొమ్మంటుండ్రు చెల్లె అన్నాడు, ఆమె తల అడ్డంగా ఊపితే సంచి సర్దుకుని ఆమె వెంట నడిచాడు. గేటు దాటి, రోడ్డు దాటి, గద్వాల బస్సు ఆగేచోట రేకుల నీడలో నిలబడ్డారు. ఎండ కళ్లలో పొడుస్తోంది. కొబ్బరిబోండాల బండి పక్కన ఒక ముసలామె జామకాయలు కోసి ఉప్పు కారం చల్లుతోంది. ఖాజా మియా టోపీ తీసి విసురుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"రెండోది నాక్కూడ వినబడలే. చప్పట్లల్ల పోయింది. మంచిగ ముంచిండ్రు."

"మల్ల అడిగిన అన్నా. ఫొటోల కాడ."

అతను ఆమె వైపు తిరిగాడు. "ఏమన్నడు?"

"ఎడ్మది అన్నడు. కండ్లార చూసిండట."

ఖాజా మియా సంచిని ఛాతీకి దగ్గరగా పట్టుకున్నాడు. అడిగాడు, అడగకుండా ఉండలేక, జవాబు తెలిసే అడిగాడు.

"పక్కన ఇంకెవరన్న విన్నరా చెల్లె?"

బస్సు వచ్చి ఆగింది. దుమ్ము తగ్గేదాకా ఈదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత తీసేసింది.

"నేను విన్న," అంది.